పెద్దాయన రానంటారు

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గుమస్తా ఆ రెండూ ఒకే ఆదివారం, అదీ సాయంత్రం అయిదింటిలోపే గెలిచేద్దామనుకున్నాడు. పొద్దున ఇల్లు మారడం, సాయంత్రం పేట సంగీతోత్సవం. రెండూ ఒకే రోజు వచ్చిపడ్డాయని భార్య తల పట్టుకుంటే, కాగితం మీద పెడితే లొంగని పని లేదని ధైర్యం చెప్పాడు. ఇరవై రెండేళ్ళుగా ఒక పెద్ద ఆఫీసు రికార్డు గదిలో కాగితాల మధ్యే బతుకుతున్నవాడికి ఆ నమ్మకం ఉండటంలో వింతేమీ లేదు.

సంగీతోత్సవం అతని వదిన మొదలుపెట్టింది. వదినంటే భార్యకు స్వయానా అక్క, ఆసుపత్రిలో హెడ్ నర్సు. పదకొండేళ్ళ కిందట ఒక గిటారు, రెండు వయొలిన్లు, పదిహేను కుర్చీలతో మొదలైన ముచ్చట అది. ఇప్పుడు అరవైమంది కార్యకర్తలయ్యారు. ఎవరికీ జీతం లేదు, ఒకరికొకరు చుట్టాలు కారు. వెల్డరు, బేకరీ ఆయన, లెక్కల టీచరమ్మ, ఇలా ఎవరి పనుల్లో వాళ్ళు తలమునకలుగా ఉండేవాళ్ళే. ఏడాదికి ఒక్క ఆదివారం మాత్రం అన్నీ వదిలేసి ఈ హాలు దగ్గరికి వచ్చేస్తారు. వేదిక కూడా కొన్నది కాదు. ఆసుపత్రి పక్కన పడేసిన ఇరవై ఇనప మంచాలను వదిన అడిగి తెచ్చుకుంటే, వెల్డరు వాటిని బోల్టులతో కలిపి, పైన చెక్కలు పరిచి, నలభైమంది ఎక్కి గెంతినా కిక్కురుమనని వేదిక చేసిపెట్టాడు.

పనులు నడిపే తీరు కూడా వదిన వార్డు నుంచే తెచ్చింది. ప్రతి పనికీ ఒక చీటీ ఉంటుంది. చీటీలన్నీ వరసగా బోర్డుకి గుచ్చుతారు. చేతులు ఖాళీ అయినవాళ్ళు వచ్చి పై చీటీ తీసుకోవాలి, అందులో ఉన్నది చెయ్యాలి, అయ్యాక దాన్ని రేకుడబ్బాలో వెయ్యాలి. ఎందుకు, ఏమిటి అని మాత్రం అడగకూడదు. మందు ఎందుకని నర్సు అడుగుతూ కూర్చుంటే రోగికి అక్కడే తెల్లారిపోతుందని ఆవిడ అంటుంది. ఒక ఏడాది మధ్యలో కుండపోతగా వాన కురిస్తే, 'జనం తడవకూడదు' అనే రెండు మాటల చీటీ పట్టుకుని పన్నెండుమంది ఎక్కడెక్కడి రేకులో తెచ్చి గంటలో పందిరి వేసేశారు. పదకొండేళ్ళలో బోర్డు మీద ఒక్క చీటీ మిగిలిపోలేదు. ఆ మాట చెప్పుకునేటప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి.

అలాంటి ఉత్సవానికి ఈ ఏడు గండం వచ్చింది. హాలు అధ్యక్షులుగారు, అందరూ పెద్దాయన అనే మనిషి, వచ్చే ఏటి నుంచి హాలు ఇవ్వరని పేటంతా గుసగుసలు మొదలయ్యాయి. ఉత్సవం రోజున ఆయనే స్వయంగా వచ్చి తన నిర్ణయం రాతపూర్వకంగా చెబుతారట. ఉత్తినే ఇచ్చే హాలు ఆ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. హాలు పోతే ఉత్సవమూ పోయినట్టే. తోటి నర్సు జబ్బుపడి నెల సెలవు పెట్టడంతో, సరిగ్గా అదే రోజు వదిన మధ్యాహ్నం రెండింటిదాకా డ్యూటీలో ఉండాల్సి వచ్చింది.

"రెండింటిదాకా మీ చేతుల్లో పెడుతున్నాను మరిదిగారూ," అంది ఆవిడ. "చీటీలు మీరే రాయండి. పెద్దాయన మనసు నొచ్చుకోకుండా చూసుకుంటే చాలు."

వదిన తనకి ఇంత పెద్ద పని అప్పజెప్పడం గుమస్తాకి అదే మొదలు. మూడేళ్ళ కిందట కుర్చీలు సర్దమంటే వాటికి అక్షరక్రమంలో పేర్లు పెట్టాడు, జనం తమ కుర్చీలు వెతుక్కునేసరికి సగం పాటలు అయిపోయాయి. అప్పటినుంచి అతన్ని మంచినీళ్ళ దగ్గర నిలబెట్టేవారు. ఆవిడంటే అతనికి గౌరవం, భయం, ఆ రెండింటినీ మించి ఆరాధన. ఆవిడ నోట ఒక్కసారి 'శభాష్' అనిపించుకోవాలన్నది అతని చిరకాల కోరిక. ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

పాత ఫైళ్ళ అట్టలు కత్తిరించి, ముత్యాల్లాంటి అక్షరాలతో వారం రోజులు చీటీలు రాశాడు. ఉత్సవానికి ముప్ఫై, ఇల్లు మారడానికి ముప్ఫై. రెండు కట్టలనూ ఒకే రకం కవర్లలో పెట్టి అంటించాడు. కవరు మీద విషయం రాయకూడదన్నది రికార్డు గది సంప్రదాయం. నంబరే వెయ్యాలి, ఏ నంబరు ఏమిటో రిజిస్టరులో ఉండాలి. ఒకటో నంబరు ఇల్లు, రెండో నంబరు ఉత్సవం అని అతను రిజిస్టరులో చక్కగా ఎక్కించాడు. ఆ రిజిస్టరును శనివారమే పుస్తకాల పెట్టెలో పెట్టి, పైన తాడు కట్టేశాడు.

ఆదివారం పొద్దున ఏడింటికి భార్య తాళంచెవులు తీసుకుని కొత్త ఇల్లు కడగడానికి వెళ్ళిపోయింది. పాత ఇంట్లో మిగిలింది సామాన్లు, సామాన్లు ఎక్కించడానికి వచ్చిన అన్నదమ్ములిద్దరు, ఇంటికి పెద్దాయన అయిన మామగారు. ఆ ఇంటి కిటికీ దగ్గర కూర్చుని వీధిన పోయేవాళ్ళ నడకలో తప్పులు పట్టడం మామగారికి తొమ్మిదేళ్ళ అలవాటు. చస్తే ఇల్లు మారనని నెలరోజులుగా భీష్మించుకుని ఉన్నారు. గుమస్తా చేతిలో రెండు కవర్లూ పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. ఉత్సవం అన్నిటికన్నా ముఖ్యం కనుక దానికే కదా ఒకటో నంబరు ఇచ్చి ఉంటాను అనుకున్నాడు. రెండో నంబరు కవరు అన్నదమ్ములకిచ్చి, ఒకటో నంబరు సంచిలో వేసుకుని, ఈల వేసుకుంటూ హాలుకి బయల్దేరాడు.

ఎనిమిదిన్నరకి హాలు ముందు గది కళకళలాడుతోంది. రాత్రే తెచ్చిపెట్టిన డ్రమ్ములు, కీబోర్డు, వయొలిన్ పెట్టెలు, పిల్లనగ్రోవుల సంచి, గిటార్లు గోడవారగా బుద్ధిగా ఉన్నాయి. లోపల వేదిక సిద్ధంగా ఉంది. గుమస్తా కవరును లెక్కల టీచరమ్మకి అప్పజెప్పాడు. బోర్డుకి చీటీలు గుచ్చే పని పదకొండేళ్ళుగా ఆవిడదే. వరస తప్పకూడదని మాత్రం గట్టిగా చెప్పి, అద్దె మైకులు తేవడానికి ఊరి అవతలి కొట్టుకి వెళ్ళాడు. ఆదివారం కాబట్టి కొట్టు పదకొండింటికి గానీ తీయలేదు. అక్కడి బల్ల మీద కూర్చుని, ఈపాటికి ఎన్నో చీటీ నడుస్తూ ఉంటుందో అని ఊహించుకుంటూ మురిసిపోయాడు. రికార్డు గది అలవాటు కొద్దీ అతని ఫోను ఎప్పుడూ మూగనోము పట్టే ఉంటుంది.

పన్నెండింటికి మైకులతో తిరిగొచ్చేసరికి హాలుకి తాళం వేసి ఉంది. మెట్లు కడిగి ఉన్నాయి. గేటు దగ్గర బేకరీ ఆయన ఒక్కడే కాపలా సైనికుడిలా నిలబడ్డాడు. గుమస్తా కిటికీలోంచి లోపలికి చూశాడు. వాద్యాలు లేవు, తెర లేదు, గడియారం లేదు, వేదిక కూడా లేదు. నేల మాత్రం అద్దంలా మెరుస్తోంది.

"అందరూ ఏరీ?" అన్నాడు.

"అంతా అయిపోయిందండీ. మీరు రాసినవి ముప్ఫైకి ముప్ఫై. నాది ఆఖరి చీటీ." బేకరీ ఆయన జేబులోంచి తీసి గర్వంగా చూపించాడు. 'అందరూ వెళ్ళాక ఒకరు గేటు దగ్గరే ఉండాలి. పాత చోటుని చూసి బెంగ పడకూడదు.'

ఆ రెండో వాక్యం గుమస్తా మామగారి కోసమని, భార్య కోసమని, ఎంతో సున్నితంగా ఆలోచించి రాసుకున్నది. మెట్ల మీద కూలబడి రేకుడబ్బా అడిగి తీసుకున్నాడు. ఒక్కొక్క చీటీ తన అక్షరాలతోనే తనని పలకరించింది. 'ముందు గదిలో ఒక్క వస్తువు మిగలకూడదు. అన్నీ వ్యాను ఎక్కించి కొత్త ఇంటికి పంపాలి.' కింద చిరునామా, గుర్తుకి నీలం గేటు, రెండో అంతస్తు. 'తెరలు పీకి మూట కట్టాలి.' 'గోడ గడియారం దుప్పట్లో చుట్టాలి.' 'మంచాలు విప్పదీయాలి. ఒక్క బోల్టు పోకూడదు.'

అంత విచిత్రమైన చీటీలు చూసి ఒక్కరికైనా అనుమానం రాలేదా అని బేకరీ ఆయన్ని అడిగాడు. ఎందుకు రాదు, వచ్చిందట. కానీ అది వేరే అనుమానం. మొదటి చీటీ చదవగానే లెక్కల టీచరమ్మ మొహం వాడిపోయిందట. హాలు ఇవ్వనన్నారన్నమాట, నర్సుగారు రాత్రికి రాత్రే కొత్త చోటు చూసుకున్నారన్నమాట అని తేల్చేసిందట. ఎవరూ నర్సుగారికి ఫోను చెయ్యకండి, అడిగితే ఆవిడ మనసు కష్టపడుతుంది, పని కానిద్దాం అని అందరికీ చెప్పిందట. అంతే, అరవైమందీ పంటిబిగువున పదకొండేళ్ళ ఉత్సవాన్ని రెండున్నర గంటల్లో విప్పి, బేకరీ వ్యానులో నాలుగు విడతలుగా తరలించేశారు. కొందరు కళ్ళు తుడుచుకుంటూనే బోల్టులు లెక్కపెట్టారట.

గుమస్తాకి ఏడుపు రావాల్సిన చోట ఒళ్ళు పులకరించింది. ఇంత మంచివాళ్ళతోనా తను ఇంత తెలివితక్కువ పని చేయించింది అనుకున్నాడు. అప్పుడు డబ్బాలో పదిహేడో చీటీ కనిపించింది. దాన్ని చదవకముందే అందులో ఏముందో గుర్తొచ్చి అతని పులకరింత చప్పున చల్లారింది.

'పెద్దాయన రానంటారు. అరుస్తారు, తిడతారు. వాదించొద్దు. కుర్చీతో సహా ఎత్తి వ్యాను ఎక్కించాలి. కాళ్ళ మీద శాలువా కప్పాలి.'

"పెద్దాయన... ఎక్కించారా?"

"పదింటికి వచ్చారండీ, ఏర్పాట్లు చూస్తానని. వెల్డరు, ఇంకో ముగ్గురు ఎత్తారు." బేకరీ ఆయన మెచ్చుకోలుగా తల ఊపాడు. "మీ ముందుచూపుకి దణ్ణం పెట్టాలి. రానంటారని రాశారు, రానన్నారు. అరుస్తారని రాశారు, అరిచారు. ఒక్క ముక్క తప్పుపోలేదు."

గుమస్తా ఫోను తీసి చూశాడు. భార్య నుంచి ఇరవై ఆరు పిలుపులు. తిరిగి చేశాడు. ఆవిడ నిదానంగానే మాట్లాడింది, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. డ్రమ్ములు వంటింట్లో పట్టించానని, మంచాల ఊచలు మెట్ల మీద ఉన్నాయని, ఎవరో పెద్దమనిషిని నలుగురు పైకి మోసుకొచ్చి కిటికీ దగ్గర దింపి, ఆయనకి భోజనం పెట్టేదాకా కదిలేది లేదంటున్నారని చెప్పింది. "నాన్న ఎక్కడున్నారో చెప్పండి. ఈయన్ని ఎవరికి తిరిగివ్వాలో కూడా చెప్పండి," అంది.

దారిలో కనబడ్డ బండిని ఆపి, మైకులతో సహా ఎక్కి, గుమస్తా కొత్త ఇంటికి పరుగుతీశాడు. దారి పొడవునా క్షమాపణ పత్రం మనసులోనే రాసుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తెలిసినా, ఏదో ఒకటి రాయకపోతే అతనికి ఊపిరాడదు. వదిన పదకొండేళ్ళ కష్టం ఒక్క పూటలో బూడిదయింది, అదీ తన చేతులమీదుగా. హాలు ఇస్తారన్న ఆశ ఏ మూలైనా ఉండి ఉంటే, పెద్దాయనను మూటలా మోయించి తనే దాన్ని తుడిచిపెట్టాడు.

నీలం గేటు దగ్గరికి వచ్చేసరికే పాట వినబడింది. తమ వాద్యాలు వెతుక్కుంటూ వచ్చిన వాద్యగాళ్ళు వాటిని వదిలి వెళ్ళలేక మెట్ల మీదే వరసగా కూర్చుని శ్రుతి చూసుకుంటున్నారు. కింది మెట్టు మీద పిల్లనగ్రోవి, మధ్య మలుపు దగ్గర వయొలిన్లు, పైమెట్టు మీద గిటారు. లెక్కల టీచరమ్మ వాళ్ళ మధ్యలోంచి బోల్టుల పొట్లాలు దాటించుకుంటూ వస్తోంది. పొట్లాల మీద ఏ మంచానివి ఏవో నంబర్లు వేసి ఉన్నాయి. ఇక్కడ స్థలం కాస్త ఇరుకే గానీ శబ్దం బాగుందని, నర్సుగారి ఎంపికకి వంక పెట్టలేమని గుమస్తాని ఓదార్చింది. అతను ఆమెను దాటుకుని పైకి పోయాడు.

గదిలో, కిటికీ పక్కన, కాళ్ళ మీద శాలువాతో అధ్యక్షులుగారు కూర్చుని ఉన్నారు. మొహం కందగడ్డలా ఎర్రబడింది. వేలు ఆడిస్తూ గట్టిగా అరుస్తున్నారు. ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని వెల్డరు కూర్చున్నాడు. అతనూ తగ్గడం లేదు. తీరా వింటే గొడవ ఎత్తుకొచ్చినందుకు కాదు. వంతెనకి రివెట్లు మంచివా, వెల్డింగు మంచిదా అని.

"మీరు చెప్పేది తప్పండి," అంటున్నాడు వెల్డరు.

"ముప్ఫై నాలుగేళ్ళు వంతెనలు కట్టాను. నన్ను తప్పంటావా?"

"ఎన్నేళ్ళు కట్టినా తప్పు తప్పేనండి."

గుమస్తా చప్పున వెల్డరు నోరు మూయబోయాడు. వెల్డరు అతని చేతిని పక్కకి తోసి, జేబులోంచి పద్దెనిమిదో చీటీ తీసి చూపించాడు. 'కొత్త ఇంట్లో కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి. వేళకి భోజనం పెట్టాలి. ఒంటరిగా వదలొద్దు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని కబుర్లు చెప్పాలి. ఆయన చెప్పేది నచ్చకపోతే నచ్చలేదనే చెప్పాలి. వాదన లేకపోతే ఆయనకి ముద్ద దిగదు.' అది మామగారిని తొమ్మిదేళ్ళు చదివి రాసిన చీటీ. గుమస్తా భార్య తలుపు దగ్గర నుంచే సైగ చేసింది, కంచం ఖాళీ అయింది చూడమని.

ఇంతలో కింద అన్నదమ్ముల వ్యాను హారను మోగింది. అందరూ కిటికీలోంచి తొంగిచూశారు. వ్యానులో సామాను ఒక్కటీ లేదు. ముందు సీటులో మామగారు, ఆయన చేతిలో పెద్ద పూలగుత్తి. చస్తే కదలనన్న మనిషి నవ్వుతూ దిగుతున్నారు. ఆయన కాలు నేల మీద పెట్టగానే అన్నదమ్ములిద్దరూ చప్పట్లు కొట్టారు. మెట్లెక్కుతూ, ఈ గేటుకి నీలం రంగు నప్పలేదు అన్నారు. మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఆయన ఆగి, తృప్తిగా తల పంకించి, ఇంకో మెట్టు ఎక్కారు.

గుమస్తాకి విప్పి చెప్పక్కర్లేకపోయింది. ఉత్సవం చీటీలు ఆ అన్నదమ్ములు అక్షరం పొల్లుపోకుండా అమలు చేశారు. 'పెద్దాయనకి పూలగుత్తి ఇచ్చి ముందు సీటులో కూర్చోబెట్టాలి. ఏం మాట్లాడినా అడ్డు చెప్పకూడదు. మాట పూర్తికాగానే చప్పట్లు కొట్టాలి.' తొమ్మిదేళ్ళుగా ఇంట్లో ప్రతి మాటకీ ఎదురు వాదన విన్న మామగారు, పొద్దుటినుంచి అన్నదానికల్లా చప్పట్లు వింటున్నారు. ఇంత గుణమున్న మనుషులు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తానని వ్యాను ఎక్కేశారట. ఆ అన్నదమ్ములకి సామాను ఎక్కించమనే చీటీ ఒక్కటీ రాలేదు కనుక, పాత ఇంట్లో కుర్చీలన్నీ నాలుగు వరసలుగా వేసి, ఒక్కొక్క వరసకీ మంచినీళ్ళు పెట్టి వచ్చారు.

రెండున్నరకి వదిన వచ్చింది. తెల్ల దుస్తులు కూడా మార్చుకోలేదు. తాళం వేసిన హాలు చూసి, బేకరీ ఆయన్ని అడిగి, తిన్నగా ఇక్కడికి వచ్చింది. మెట్ల మీది వాద్యగాళ్ళనీ, వంటింట్లో డ్రమ్ములనీ, కిటికీ దగ్గర అధ్యక్షులుగారినీ, ఆయన పక్కన పూలగుత్తితో తన తండ్రినీ వరసగా చూసింది. గుమస్తాకి తను రాసుకున్న క్షమాపణ పత్రం ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

"రెండు కవర్లూ తారుమారు చేశాను వదినా," అన్నాడు. "తప్పంతా నాది. వీళ్ళని ఏమీ అనకండి. వీళ్ళంత గొప్పగా ఎవరూ చెయ్యలేరు."

హాలు పోయిందని నమ్మి కన్నీళ్ళతో బోల్టులు విప్పిన లెక్కల టీచరమ్మ, గుమ్మం దగ్గరే నోరు తెరిచి నిలబడిపోయింది. వదిన ఆమె చేతిలోని పొట్లాలు తీసి చూసింది, వాటి మీది నంబర్లు చూసింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వార్డులో ఆవిడను ఇరవై ఏళ్ళుగా చూసినవాళ్ళు కూడా ఆ కళ్ళలో నీళ్ళు చూసి ఉండరు. తరవాత అధ్యక్షులుగారి వైపు తిరిగి చేతులు జోడించింది. ఆయన శాలువా తీసి మడిచి పక్కన పెట్టి, కోటు జేబులోంచి ఒక ఉత్తరం తీశారు.

"వచ్చే ఏటి నుంచి హాలు ఇవ్వనని రాసుకొచ్చాను," అన్నారు. "ఎందుకో తెలుసామ్మా? పదకొండేళ్ళు ముందు వరసలో కూర్చోబెట్టారు. పూలగుత్తి ఇచ్చారు. ఈ మైకు పనిచెయ్యట్లేదు అన్నాను, చప్పట్లు కొట్టారు. పోయిన ఏడు నాకు గాలి ఆడట్లేదు అన్నాను, లేచి నిలబడి మరీ కొట్టారు. ఒక్కడు నాతో మాట్లాడితే ఒట్టు. మా ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. ఇక్కడా లేకపోతే ఎలా?"

పద్ధతి ప్రకారం ఈ మాటకీ చప్పట్లు కొట్టాల్సింది. ఎవరి చేతులూ లేవలేదు. ఆయన వెల్డరు భుజం మీద చెయ్యి వేసి, వీడు ఇవాళ నన్ను పద్నాలుగుసార్లు తప్పన్నాడు అని అందరికీ చూపించారు. ఆ స్వరం కొడుకు పరీక్ష నెగ్గినప్పుడు తండ్రి స్వరంలా ఉంది. ఉత్తరాన్ని అడ్డంగా, నిలువుగా చింపి కిటికీ గట్టున పెట్టారు.

తరవాతిది చెప్పుకోవాలంటే చూసినవాళ్ళే చెప్పాలి. బోర్డు లేదు, చీటీలు లేవు. అయినా ఎవరు విప్పిన మంచం వాళ్ళు ఎత్తుకున్నారు. నలుగురు పాత ఇంటికి పోయి ముప్పావుగంటలో అది ఖాళీ చేసి, గుమస్తా సామానంతా కొత్త ఇంటికి చేర్చేశారు. మిగిలినవాళ్ళు నాలుగున్నరకల్లా వేదిక నిలబెట్టి, తెర కట్టి, గడియారం దుప్పట్లోంచి తీసి గోడకి తగిలించి టైము కూడా సరిచేశారు. ఒక్క బోల్టు మిగల్లేదు, ఒక్కటి తగ్గలేదు. గుమస్తా వాళ్ళ మధ్యలో నిలబడి ఏ పనికీ అడ్డం రాకుండా ఉండటానికి ప్రయత్నించాడు. అంత మందిలో తనొక్కడే పనికిరానివాడు కావడం అతనికి అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు. వదిన పక్కనుంచి పోతూ ఆగింది. శభాష్ అనలేదు. "నాన్నని ముద్ద దిగేలా చూసుకుంటున్నది మీరేనన్నమాట," అని మాత్రం అని వెళ్ళిపోయింది. పద్దెనిమిదో చీటీ ఆవిడ చేతిలో ఉంది.

అయిదింటికి హాలు కిటకిటలాడింది. ముందు వరసలో మామగారు పూలగుత్తితో కూర్చున్నారు. ఆయన ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు, పొద్దుటి మర్యాద ప్రకారం ఆయనే వెళ్ళి కూర్చున్నారు. అధ్యక్షులుగారు వెనక వరసలో వెల్డరు పక్కన ఉన్నారు. పేరు పిలిస్తే నెమ్మదిగా వేదిక ఎక్కారు. జనం అలవాటుగా నిట్టూర్చి, అరగంట ప్రసంగానికి సర్దుకు కూర్చున్నారు.

"ఈ హాలు ఈ ఉత్సవానిదే," అన్నారాయన. "ఒక్కటే షరతు. ఇకమీదట నన్ను మాట్లాడమని వేదిక ఎక్కించకూడదు."

అంతే చెప్పి దిగిపోయారు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు పైకప్పు లేచిపోయేలా చప్పట్లు మోగాయి. లెక్కల టీచరమ్మ ఏడుస్తూ కొట్టింది, బేకరీ ఆయన చేతులు పైకెత్తి కొట్టాడు, గుమస్తా అరచేతులు మండేదాకా కొట్టాడు. తెర పక్కన నిలబడ్డ వదిన కొట్టడం కూడా మరిచిపోయి ఆ అరవైమందినీ అలా చూస్తూ ఉండిపోయింది.

ముందు వరసలో మామగారు లేచి, వెనక్కి తిరిగి, జనానికి రెండుసార్లు చెయ్యి ఊపి కూర్చున్నారు.